లోపలికి ఇద్దరు, బయటికి ఒక్కరు

పెనుకొండలో ఆ వీధి ఆడవాళ్ళలో నాగమణిని చూసి కుళ్ళుకోనివాళ్ళు లేరు. ఆదివారం తెల్లవారీ తెల్లవారకముందే ఆమె మొగుడి స్కూటరు వెనక కూర్చుని ఊరు దాటిపోయేది. మిగతా ఆడవాళ్ళకు ఆదివారమంటే రెండింతల వంట, వారం రోజుల మురికి బట్టలు. నాగమణికి మాత్రం షికారు. "నీకేమమ్మా, పెండ్లయి పదేండ్లయినా వారం వారం తిప్పుకొస్తాండాడు" అనేవాళ్ళు కొళాయి దగ్గర. ఆమె నవ్వి బిందె చంకనెత్తుకునేది. ఏం చెప్పాలి? కొట్టే మొగుడైతే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. తాగే మొగుడైతే పుట్టింటివాళ్ళను పిలిపించి పంచాయితీ పెట్టించొచ్చు. ప్రేమగా షికారుకు తీసుకుపోయే మొగుడి మీద పోయి ఎవరికి చెప్పుకుంటుంది?

ఆ మొగుడి పేరు రామాంజినేయులు. ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే వినేవాళ్ళు ఆయన్ని తిట్టిపోస్తారు. గొంతు పెంచి మాట్లాడడు. జీతం తెచ్చి తల్లి చౌడమ్మ చేతిలో పెడతాడు. పిల్లలు కలగలేదని భార్యను ఒక్కనాడూ దెప్పలేదు, తల్లిని దెప్పనివ్వలేదు. ఆయనకున్న పిచ్చల్లా ఒకటే. తొంభైలో, ఎవరో అమ్మేస్తుంటే, ఒక పాత రష్యా కెమెరా కొన్నాడు. దానికి మూరెడు పొడుగు లెన్సు. మొదటి వారం కొండ మీద ఒక నెమలిని తీశాడు. అంతే, అది తలకెక్కింది. ఇక దిగలేదు.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, రోడ్డు దిగి మైలున్నర లోపలికి నడిస్తే ఒక పూడిపోయిన కుంట ఉంది. చుట్టూ కంపపొదలు, రాతిగుట్టలు. వేసవిలో కుంటంతా ఎండి, నడుమ ఒక మడుగు మాత్రం మిగులుతుంది. చుట్టుపక్కల ఐదారు మైళ్ళలో నీటిచుక్క ఉండదు కాబట్టి ప్రాణమున్నదల్లా ఆ మడుగుకే రావాలి. గువ్వలు, కౌజులు, తీతువులు, జింకలు, నక్కలు, అన్నీ. ఆ ఒడ్డున రామాంజినేయులు నాలుగు వెదురుకట్టెలు పాతి, గోనెపట్టలు కుట్టి, పైన కంప కప్పి ఒక మాటు కట్టుకున్నాడు. లోపల ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు, అంతే. లెన్సు పట్టేంత బొక్క ఒకటి ముందువైపు. చౌడమ్మ దాన్ని 'నా కొడుకు గోనె కాపురం' అనేది.

ఇందులో నాగమణికి పనేమిటంటారా? అక్కడికే వస్తున్నా. పక్షులకు లెక్కలు రావట. ఆయన ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. ఒక్కడే పోయి మాటులో దూరితే, మనిషి లోపల ఉన్నాడని అవి కనిపెట్టి పొద్దంతా దగ్గరికి రావు. ఇద్దరు పోయి, ఒకరు దూరి, రెండోవాళ్ళు తాపీగా వెళ్ళిపోతే మాత్రం, వచ్చినోళ్ళు పోయినారులే అనుకుని దిగివస్తాయి. ఆ వెళ్ళిపోయే రెండో మనిషి నాగమణి. ఎనిమిదేళ్ళుగా ఆదివారం ఆమె ఉద్యోగం వెళ్ళిపోవడమే.

వెళ్ళిపోవడమంటే ఇంటికి కాదు. కనుచూపు దాటి, రోడ్డు మీద సోమక్క టీ అంగడి దగ్గర కూర్చుని, పదకొండు గంటలకు తిరిగి పోయి ఆయన్ని బయటికి తీసుకురావాలి. ఆయనంతట ఆయన రాకూడదు. గోనెపట్టల్లోంచి మనిషి లేచి రావడం ఒక్కసారి చూశాయంటే అవి ఇక ఆ మాటును జన్మలో నమ్మవు. పదకొండే ఎందుకంటే, ఆ తర్వాత ఎండ నడినెత్తికొచ్చి బొమ్మలు పాలిపోతాయి. చీర కూడా ఆయనే చెప్పాడు. మట్టిరంగు నూలు చీర, ప్రతివారం అదే కట్టాలి. రంగు మారితే పక్షులు బెదురుతాయి. నాగమణి పుట్టింది ధర్మవరంలో. నాయన మగ్గం గుంతలో కాళ్ళు దింపుకుని పట్టుచీరలకు జరీ అంచు నేస్తుంటే పక్కన కూర్చుని కండెలు చుట్టిన పిల్ల. అలాంటి పిల్ల ఎనిమిదేళ్ళు ఆదివారమంటే మట్టిరంగు కట్టుకుంది.

"వేరే ఎవురినన్నా పిలుచుకోని పోండి" అని మొదట్లో అడిగి చూసింది. ఆయన ఆఫీసులో ఒకతన్ని తీసుకుపోయాడు. అతను దగ్గుతూ పోయి, బీడీ ముట్టించి, దారిలో పాట పాడాడు. సాయంత్రం రామాంజినేయులు వచ్చి, "నీ నడక వాటికి అలవాటైపోయింది నాగూ. నువ్వు లేకుంటే నాకు ఆడ పనే జరగదు" అన్నాడు, ఎంతో ముద్దుగా. ఆమెకు అరవాలనిపించింది. అంత ముద్దుగా అన్న మనిషి మీద ఎట్లా అరుస్తుంది?

నాగమణి పెళ్ళికి ముందు టీచరు ట్రైనింగు చేసింది. ఉద్యోగాల పరీక్ష ఒకసారి పడింది. సరిగ్గా ఆ ఆదివారమే బుక్కపట్నం చెరువులో పొడుగుకాళ్ళ గులాబీ కొంగలు దిగాయని కబురొచ్చింది. ఆ పరీక్ష అట్లా పోయింది. మళ్ళీ పడింది తొంభై ఎనిమిదిలో. అప్పటికి ఆమెకు ముప్పైమూడు నిండాయి. ఇంకొక్క ఏడు పోతే అప్లికేషను కూడా తీసుకోరు.

హాల్‌టికెట్ వచ్చిన రోజు సాయంత్రం ఆయన ముందు పెట్టింది. "మే నెల మూడో ఆదివారం. హిందూపురంలో సెంటరు."

ఆయన కేలండరు వైపు చూశాడు. "మూడో ఆదివారమా? అప్పటికి మడుగులో మోకాటి లోతు గూడా నీళ్ళు ఉండవు నాగూ. తోడేలు రావల్లంటే అప్పుడే వస్తాది. ఎనిమిదేండ్లుగా కాచుకోనుండా. మళ్ళా పరీక్ష పెట్టరా ఏంది?"

"నాకు వయసు దాటిపోతాది."

"సడలింపు ఇస్తారులే. ఎప్పుడూ ఇస్తాండారు కదా" అని, హాల్‌టికెట్‌ను మడత నలగకుండా జాగ్రత్తగా ఆమె చేతికే తిరిగి ఇచ్చాడు. చించేసి ఉంటే బాగుండేది. చించితే కొట్లాడొచ్చు.

ఆ రాత్రంతా ఆమెకు నిద్రలేదు. కోపం ఆయన మీద కాదు, తన మీద. పోట్లాడటం చేతకాదు. అడగటం చేతనైంది, అడిగింది, అయిపోయింది. మర్నాటి నుంచి వంటింట్లో చదివింది, ఆదివారాలు సోమక్క అంగడి వెనక చదివింది. సోమక్క విత్తనాలకు వేరుశనగ బుడ్డలు ఒలుచుకుంటూ, "ఏం చదువుతాండావమ్మా?" అనడిగితే, "పిల్లోళ్ళ మనసు ఎట్లుంటాదని" అంది. "మొగోళ్ళ మనసు గురించి రాసినోళ్ళు ఎవురూ లేరా?" అంది సోమక్క.

మే నెల మూడో ఆదివారం వచ్చింది. నాగమణి ఎప్పటిలాగే మట్టిరంగు చీర కట్టింది. ఆయన సంచిలో పెరుగన్నంతో పాటు చిత్రాన్నం పొట్లం ఒకటి, రెండో నీళ్ళసీసా ఒకటి అడుగున దూర్చింది. హాల్‌టికెట్, పెన్ను రవికలో పెట్టుకుంది. ఆరుంబావుకు ఆయన్ని మాటులో దూర్చి, గోనెపట్ట సర్ది, ఎప్పటిలాగే వెనక్కి చూడకుండా నడిచింది. గుండె మాత్రం ఎప్పటిలాగా లేదు. మడుగు దగ్గర గువ్వలు దిగిన చప్పుడు వినిపించింది. మనిషి పోయిందని అవి నమ్మాయి. నిజంగానే పోతోందని వాటికి మాత్రం ఏం తెలుసు?

ఏడున్నరకు రోడ్డు మీద బస్సు ఆపింది. సోమక్క అంగడి ముందు నిలబడి చూస్తూ, "ఆయప్ప అడిగితే ఏం చెప్పల్ల?" అని కేకేసింది. "ఆయప్ప ఈడికి రాలేడు" అంది నాగమణి. అన్నాక ఆ మాటకు ఆమెకే ఒళ్ళు జలదరించింది. నిజమే, రాలేడు. తను పోయి పిలిచేదాకా రాడు. తలుపుకు బయటి నుంచి గడియ పెట్టి వచ్చినట్టే.

పరీక్ష హాల్లో అన్నీ ఇరవై రెండేళ్ళ, ఇరవై మూడేళ్ళ మొహాలు. చీర అంచుకు పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి. పేపర్లు పంచే సారు వాటిని చూసి, "ఏమ్మా, చేను కాడ నుంచి వస్తాండావా?" అన్నాడు. "అవును సార్" అంది నాగమణి. పది గంటలకు పేపరు చేతికొచ్చింది. మొదటి ప్రశ్న వచ్చు. రెండోదీ వచ్చు. తల వంచిందంటే మళ్ళీ ఒంటిగంట గంట కొట్టినప్పుడే ఎత్తింది. వేళ్ళకు సిరా, మెడ నొప్పి, లోపల మాత్రం చెప్పలేనంత హాయి. ఎంత కాలమైంది, ఒక పనిలో మునిగి ఒళ్ళు మరిచిపోయి!

గుమ్మం దాటి ఎండలో కాలు పెట్టగానే గుర్తొచ్చాడు.

పరీక్ష రాసినవాళ్ళంతా బస్టాండు మీద పడ్డారు. మొదటి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. రెండోదాన్లోనూ లేదు. మూడోదాన్లో ఎట్లాగో ఒంటికాలి మీద నిలబడింది. ఆ గంటంబావు ప్రయాణం ఆమెకు ఎన్నేళ్ళనిపించిందో చెప్పలేను. గోనెపట్టల కింద, కాళ్ళు ముడుచుకుని, మే నెల ఎండలో తొమ్మిది గంటలు. సొమ్మసిల్లి పడిపోయుంటాడు. పాము దూరిందేమో. చచ్చినా లేచి రాడు, రాకూడదని ఆయనే పెట్టుకున్న నియమం. రెండు సీసాల నీళ్ళు చాలతాయా? 'నేనే చంపినా' అనుకుంది. కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. పక్కనున్న పెద్దమ్మ, "పరీక్ష పోయిందా తల్లీ?" అని ఓదార్చింది.

బస్సు దిగి, ఎనిమిదేళ్ళుగా మెల్లగా నడిచిన దారిలో పరిగెత్తింది. నాలుగు కావస్తోంది. పక్షులన్నీ లేచిపోయినా పట్టించుకోలేదు. "ఏమండీ! ఏమండీ!" పలుకు లేదు. గోనెపట్ట లాగింది.

రామాంజినేయులు బనీనుతో, చెమటలో నాని, ఎర్రగా కందిపోయి కూర్చుని ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. "వచ్చినాయి నాగూ" అన్నాడు గుసగుసగా. "తోడేలు. మూడు పిల్లల్ని ఎంటేసుకోని. ఒంటిగంటన్నరకు. నా ముందర, ఇదో, ఇంత దూరంలో నీళ్ళు తాగినాయి." ఆమె చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "పదకొండుకు నువ్వు వచ్చింటే ఈ పక్కకే వచ్చేవి కాదు. దారిలో తోడేలు అడుగులు చూసినావు కదూ? చూసి, కావాలనే దూరంగా ఉండిపోయినావు కదూ?"

బతికే ఉన్నాడన్న సంతోషంలో ఆమెకు నోట మాట రాలేదు. ఆ క్షణంలో 'కాదు' అనాల్సింది. అనలేదు. ఆయనకు ఆ మౌనమే చాలు.

ఆ ఫొటో బెంగళూరులో ఒక పత్రికలో పడింది. పెద్దది చేయించి ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి తగిలించారు. ఎవరొచ్చినా ఆయన ముందు తోడేలును చూపించి, ఆ తర్వాత భార్యను చూపించేవాడు. "అది నేను తీసింది కాదప్పా, ఆమె తీసింది. మే నెల ఎండలో తొమ్మిది గంటలు చెట్టుకింద కూర్చునింది, తోడేలు బెదురుతాదని. నీళ్ళు గూడా తాగలేదు." చెప్పినప్పుడల్లా ఎండ ఒక గంట పెరిగేది. ఎప్పుడూ కోడల్ని మెచ్చి ఎరగని చౌడమ్మ కూడా చుట్టాల ముందు, "మా నాగమణి మాదిరి ఎవురుంటారు" అనడం మొదలుపెట్టింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందె ముందు పట్టుకోమని దారి ఇచ్చేవాళ్ళు. సోమక్క ఒక్కతే, "చెట్టుకింద కూర్చున్నావంట. యాడుందమ్మా ఈడ చెట్టు?" అని నవ్వింది.

నాగమణికి నవ్వు రాలేదు. ఇదివరకు ఆదివారాలే ఆమెవి కావు. ఇప్పుడు మిగతా ఆరు రోజులూ కూడా ఆ పతివ్రత కథలో కూర్చోవాల్సి వచ్చింది. విప్పి చెబితే ఆయన జీవితంలో ఉన్న ఒకే ఒక్క గొప్ప రోజు ఏమైపోతుంది? చెప్పకపోతే తనేమైపోతుంది? పరీక్ష ఫలితమొచ్చేదాకా ఎదురుచూడటం తప్ప దారి లేదు. ఫెయిలైతే బాగుండునని కూడా ఒకటి రెండుసార్లు అనుకుంది, సిగ్గుపడుతూనే.

సెప్టెంబరులో కవరు వచ్చింది. తీసుకుంది రామాంజినేయులే. చదువుకుంటూ లోపలికి వచ్చాడు. "నాగూ! టీచరు పోస్టుకు సెలెక్టయినావు!" మొహం వెలిగిపోయింది, అబద్ధం చెప్పకూడదు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు. "ఎప్పుడు రాసినావు?"

"మే నెల మూడో ఆదివారం."

లెక్క తేలడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. గోడ మీది తోడేలును చూశాడు. "ఆ రోజు నువ్వు చెట్టుకింద..."

"చెట్టు లేదు. హిందూపురంలో ఉన్నా."

వంటింట్లోంచి చౌడమ్మ ఒంటికాలి మీద లేచి వచ్చింది. "మొగుణ్ణి ఎండలో పారేసి పరీక్షకు పోయినావా! ఎంత గుండెమ్మా నీది!" రామాంజినేయులు తల్లిని చేత్తో ఆపాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు కదా.

"లోపల నాకేమన్నా అయ్యింటే?" అని మాత్రం అన్నాడు.

నీళ్ళసీసా ఇంకొకటి పెట్టాను కదా అనొచ్చు. బస్సులో ఏడ్చాననొచ్చు, దారంతా పరిగెత్తాననొచ్చు. అన్నీ నిజాలే. కానీ ఆమె నోట్లోంచి వచ్చిన నిజం వేరు. "పది నుంచి ఒంటిగంట దాకా మీరు నాకు గుర్తే రాలేదు." ఆయన్ని నొప్పించాలని అనలేదు. నాలుగు నెలలుగా లోపల దాచుకున్న సంతోషం అది. చెప్పుకోవడానికి ఆ మనిషి తప్ప ఇంకెవరున్నారు? ఆయన మాత్రం చెంపదెబ్బ తిన్నవాడిలా మంచం అంచున కూర్చుండిపోయాడు.

ఆ రోజుతో తోడేలు కథ ఆగిపోయింది. ఎవరన్నా ఫొటో చూసి అడిగితే, "ఆ, మడుగు కాడ తీసినా" అని ఊరుకునేవాడు. తర్వాతి ఆదివారం ఆమెను లేపకుండా ఒక్కడే స్కూటరు తీసుకుపోయాడు. తొమ్మిదికల్లా తిరిగొచ్చాడు. "ఒకటీ దిగలేదు. నేను లోపలుండానని వాటికి తెలిసిపోయింది" అని, కెమెరా బీరువాలో పెట్టి పక్కమీద వాలాడు. నాగమణి గుమ్మంలో నిలబడి చూసింది. పాపం, వచ్చే వారం నేనొస్తాలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ తనను ఆ దారిలో నడిపించింది ఆయన మాట కాదు, ఈ 'పాపం' అనుకోవడమే అని అప్పుడు తెలిసింది. నాలుక కరుచుకుని వంటింట్లోకి పోయింది. ఆ మాట అనకుండా ఉండటానికి పరీక్ష కన్నా ఎక్కువ కష్టపడింది.

పోస్టింగు గాండ్లపెంట పక్క పల్లెలో ఇచ్చారు. కదిరి పోయి బస్సు మారాలి. రోజూ తిరగడం అయ్యే పని కాదు, అక్కడే గది తీసుకోవాలి. సోమవారం చేరాలి కాబట్టి ఆదివారం పొద్దున బయల్దేరింది. ట్రంకుపెట్టె రామాంజినేయులే మోసుకొచ్చి బస్సులో పెట్టి, కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఆదివారం సెలవే కదా" అన్నాడు. "శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేస్తావు."

"ఆదివారాలు నేను రాను మడుగు కాడికి" అంది నాగమణి. పదేళ్ళ కాపురంలో ఆయనతో రాననడం అదే మొదలు.

వెంటనే బస్సు కదిలి ఉంటే ఎంత బాగుండేదో. కండక్టరు హోటల్లో తాపీగా టీ తాగుతున్నాడు. ఆ మాట అనేసి ఆమె అక్కడే కూర్చోవాలి, విన్నాక ఆయన అక్కడే నిలబడాలి. బస్సులో జనం నిండారు. లేచి పోదామన్నా చోటు లేదు.

ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని, "అయితే నేనే వస్తాలే ఆడికి, ఆదివారం" అన్నాడు.

"ఆడ మడుగులేమీ లేవంట."

"కెమెరా తీసుకురాను. ఊరికే వస్తా. కూర్చోని మాట్లాడుకుందాం."

ఆ మాటకు ఆమె మనసు కరిగిపోయింది. ఆ వెనకే భయం పట్టుకుంది. ఎనిమిదేళ్ళలో నాలుగు వందల ఆదివారాలు ఇద్దరూ కలిసి బయటికి పోయారు. అందులో నిజంగా పక్కపక్కన ఉన్నది పొద్దున మడుగు దాకా నడిచే ఆ అరగంటే. ఆ అరగంటా పక్షులు బెదురుతాయని పెదవి విప్పకూడదు. మిగతాదంతా ఆయన గోనెపట్టల్లో, ఆమె సోమక్క అంగడిలో. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు హోరులో ఆయన ఏయే పక్షులొచ్చాయో చెప్పేవాడు, ఆమె ఊ కొట్టేది. పక్షులు లేని ఆదివారం ఈ మనిషి ఎలా ఉంటాడో ఆమెకు తెలియదు. తనెలా ఉంటుందో ఆయనకూ తెలియదు.

డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు.

"ఏం మాట్లాడుకుందాం?" అనడిగింది నాగమణి. వెటకారంగా కాదు, నిజంగా తెలియకే అడిగింది.

రామాంజినేయులు నోరు తెరిచాడు. కిటికీ కమ్మీ వదలకుండా, ఇంకా మాట వెతుక్కుంటున్నవాడిలా, బస్సు పక్కనే నాలుగడుగులు నడిచాడు.